మెంతినీళ్లతో మింగినది

ఒక మాట నా లోపల ఏళ్లుగా ఉంది. పొద్దున నాకంటే ముందు అదే లేస్తుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముఖం చూస్తూ చెప్పే ధైర్యమే ఉంటే ఇలా రాసుకునే అవసరం ఉండేది కాదు.

నా పేరు వద్దు. మిర్యాలగూడలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. పిల్లలు డ్రిల్ సారు అనేవాళ్లు, ఊళ్లో ఇప్పటికీ అదే పేరు. అబద్ధమాడిన పిల్లవాడు దొరికితే గ్రౌండ్ చుట్టూ పరుగెత్తించేవాణ్ని. నిజం నోట్లోంచి రాలిపడేదాకా ఉరకరా అని విజిల్ ఊదేవాణ్ని. ఆ పిల్లల్లో ఎవరైనా ఇది చదువుతుంటే కడుపారా నవ్వుకోండి. ఆ హక్కు మీకుంది.

యాభై దాటాక నాకు షుగర్ వచ్చింది. ముందు దాహం మొదలైంది. ఎన్ని నీళ్లు తాగినా ఆరేది కాదు. తర్వాత రాత్రిళ్లు మాటిమాటికీ మూత్రానికి లేవడం. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాయి.

ఊళ్లో చూపించుకోకుండా సూర్యాపేట వెళ్లి డాక్టరుకు చూపించుకున్నాను. ఎందుకంటే సిగ్గు. బొజ్జ ఉన్న హెడ్మాస్టరుకు షుగర్ వస్తే ఎవరూ ఏమనుకోరు. డ్రిల్ సారుకు వస్తే? నా ఒళ్లే నా సర్టిఫికెట్ అనుకుని బతికినవాణ్ని. తల కొట్టేసినట్టయింది. డాక్టరు గోలీలు రాశాడు, తిండి సంగతి చెప్పాడు, నడవమన్నాడు.

నడిచాను. ఆ విషయంలో నన్ను వేలెత్తి చూపడానికి లేదు. ఊరి చుట్టూ రైస్ మిల్లులే, తెల్లారేసరికి వడ్లు ఉడికే వాసన ఇంట్లోకే వస్తుంది. అలాంటి ఊళ్లో ఉంటూ తెల్ల బువ్వ మానేశాను. జొన్న రొట్టె, ఆకుకూర, పలచటి మజ్జిగ. పరగడుపున మా ఆవిడ రాత్రి నానబెట్టిన మెంతుల నీళ్లు. పొట్ట కరిగింది. ప్యాంట్లన్నీ టైలరు దగ్గరికి పోయి వచ్చాయి. కొన్నాళ్లకు డాక్టరు రిపోర్టు చూసి మెచ్చుకున్నాడు. "డోసు తగ్గిద్దాం సార్. ఆపొద్దు మాత్రం. సగం మీ కష్టం, సగం గోలీ" అన్నాడు.

సగం గోలీ. ఈ రెండు మాటలూ నేను మింగేశాను.

మా బడి గ్రౌండులో పొద్దున్నే నడిచేవాళ్ల గుంపు ఒకటుంది. వ్యాపారస్తులు, రిటైరైనవాళ్లు, నాలుగైదు రకాల రోగాలవాళ్లు. మర్నాడు అక్కడ ఒక కిరాణా సేటు నా నడుము చూసి ఆశ్చర్యపోయి సంగతేమిటని అడిగాడు. షుగర్ వచ్చిందనీ, తిండి మార్చాననీ, గోలీలు తగ్గించారనీ చెప్పాను. అతను వెనక్కి తిరిగి అందరికీ వినపడేలా, సారు గోలీలు బంద్ చేసిండంట అని కేకేశాడు. నలుగురూ మూగారు. భుజం తట్టారు. కాదు, తగ్గించారంతే అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను అనలేదు. మొదటిరోజు నేను అబద్ధమాడలేదు, ఊరుకున్నానంతే అని చాలాకాలం నన్ను నేను సముదాయించుకున్నాను. ఆ ఊరుకోవడంలో ఎంత తీపి ఉందో నాకు తెలియదా?

ఆదివారం శాలువా కప్పారు. మాట్లాడమన్నారు. విజిల్ ఊదిన గొంతు కదా, మైకు లేకుండానే మాట్లాడాను. ఒళ్లు మన చెప్పుచేతల్లో ఉంటే గోలీలతో పనేముంది అన్నాను. చప్పట్లు. ఇంటికొచ్చేసరికి మా ఆవిడకు అప్పటికే ఎవరో ఫోన్ చేసి చెప్పారు. డాక్టరు గోలీలు ఆపేశాడా, నాకెందుకు చెప్పలేదు అని కళ్లనీళ్లు పెట్టుకుంది. తన మెంతినీళ్లే నన్ను బాగుచేశాయని పొంగిపోయింది. ఆ ముఖం చూశాక ఇక వెనక్కి ఎలా వెళ్లను?

అప్పటినుంచి దొంగ బతుకు మొదలైంది. గోలీలు ఊళ్లో కొనడం మానేశాను. మా చెల్లెలు కోదాడలో ఉంటుంది, ఆమెను చూసొస్తానని బస్సెక్కి అక్కడ కొనేవాణ్ని. కౌంటర్లో ఆయన "రండి మాస్టారూ, ఒంట్లో బాగుందాండీ" అని పలకరిస్తే దొంగసొత్తు కొంటున్నవాడిలా అటూ ఇటూ చూసేవాణ్ని. ఇంట్లో నా పాత విజిలు, స్టాప్‌వాచీ దాచుకున్న స్టీలు డబ్బా ఒకటుంది. దాన్ని ఎవరూ ముట్టరు. గోలీలు అందులో పెట్టాను. పొద్దున్నే మా ఆవిడ మెంతినీళ్ల గ్లాసు చేతికిచ్చి వంటింట్లోకి తిరగగానే, గోడవైపు తిరిగి గోలీ నోట్లో వేసుకుని ఆ నీళ్లతోనే మింగేవాణ్ని. తర్వాత గ్రౌండుకు పోయి మెంతినీళ్ల మహిమ చెప్పేవాణ్ని.

ఇంతవరకైతే నవ్వులాటే. ఒక ముసలాడి గొప్పలు అని మీరూ వదిలేసేవారు. రత్నం లేకపోతే.

రత్నం కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. నా ఈడువాడే. గాలివానకు తీగలు తెగి వీధంతా చీకటైతే, తడిసిన స్తంభం ఎక్కి దీపాలు వెలిగించి దిగేవాడు. ఎంత ఎత్తయినా భయపడడని పేరు. అతనికి నాకంటే ముందునుంచే షుగర్. నేను మాట్లాడిన ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చునేవాడు. ఒకరోజు అందరూ వెళ్లిపోయాక, నేను బెంచీ మీద బూట్లు విప్పుకుంటుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"సార్, నలుగురిల అడగలేక గిప్పుడు అడుగుతున్న. ఏమనుకోకుండ్రి. మీరు నిజంగ గోలీలు ముడ్తలేరా?"

నవ్వాను. "ఏంది రత్నం, నన్ను సూస్తె గోలీలు మింగేటోని లెక్క కనబడుతున్ననా?"

"గది కాదు సార్. నాకు జర భయమైతుంది. మా డాక్టరేమో జిందగీ అంత ఏసుకోవాలె అంటడు. మీరేమో గిట్ల చెప్పవడ్తిరి."

"వాళ్లు గట్లనే అంటరు. గోలీలు అమ్ముడుపోవాలె గద."

"అయితే బంద్ చెయ్యమంటరా సార్?"

"నోరు కట్టుకుంటె చాలు. నీతోని అయితదా కాదా, అది చెప్పు."

అతను లేచి, "మీరే చెప్పినంక ఇంకేంది సార్. ఇగ సూడుండ్రి" అని నా చెయ్యి పట్టుకుని ఊపి వెళ్లిపోయాడు.

ఆ బెంచీ మీద మేమిద్దరమే ఉన్నాం. చప్పట్లు లేవు, శాలువా లేదు. అతను నిజమే అడిగాడు, భయమని కూడా చెప్పాడు. నాకూ భయమే రత్నం, నేనూ వేసుకుంటాను, నువ్వు ఆపకు అంటే ఏమయ్యేది? అతను ఎవరికీ చెప్పేవాడు కూడా కాదు. మరి ఎందుకు అనలేదు? ఎన్నిసార్లు అడుక్కున్నా ఒకటే జవాబు వస్తుంది. అతని కళ్లలో నేను కనబడుతున్న తీరు నాకు నచ్చింది. ఛీ.

రత్నం మాట నిలబెట్టుకున్నాడు. నోరు కట్టుకున్నాడు, నాకంటే గట్టిగా. చూస్తుండగానే చిక్కిపోయాడు. దవడలు లోపలికి పోయాయి, చొక్కా వేలాడింది. అందరూ శభాష్ అన్నారు. నేను అతన్ని ముందుకు పిలిచి నిలబెట్టి చప్పట్లు కొట్టించాను. అతను సిగ్గుపడుతూ చేతిలో ఉన్న పెద్ద నీళ్ల సీసా ఎత్తి గటగటా తాగాడు. మధ్యలో గోడవతలికి పోయి వచ్చి మళ్లీ తాగాడు. ఈమధ్య రాత్రి నిద్రే ఉండట్లేదని, లేవడంతోనే సరిపోతోందని ఎవరితోనో అంటుంటే విన్నాను.

దాహం. మాటిమాటికీ లేవడం. ఆ రెండూ నాకు తెలియవా? అవి నా ఒంటి మీదికి వచ్చి పోయినవే కదా. అతను సన్నబడడం ఆరోగ్యం కాదనీ, షుగర్ పైకెక్కి మనిషిని లోపలినుంచి తినేస్తోందనీ నాకు ఆ క్షణంలోనే అనుమానం తగిలింది. అయినా చప్పట్లు ఆగేదాకా చప్పట్లు కొట్టాను. బెంచీ మీద ఆడింది అబద్ధమే కావచ్చు, గ్రౌండులో చేసినదానికి ఏ పేరు పెట్టాలో నాకు తెలియడం లేదు.

తర్వాత అతనికి చెప్పు పట్టీ కొరికి కాలి వేళ్ల దగ్గర పుండయింది. నడక ఆపొద్దని నేను చెప్పాను కాబట్టి గుడ్డ కట్టుకుని నడిచాడు. మొద్దుబారిన కాలు, నొప్పి తెలియలేదు. తెలిసేసరికి వేళ్లు నల్లబడ్డాయి. సూర్యాపేట దవాఖానకు తీసుకుపోతే నేనూ వెంట వెళ్లాను. అసలు గోలీలు ఎందుకు మానేశావయ్యా, ఎవరు చెప్పారు నీకు అని అక్కడి డాక్టరు కోప్పడ్డాడు. నేను మంచం పక్కనే నిలబడి ఉన్నాను. రత్నం నా వైపు చూడలేదు. "ఎవ్వరు చెప్పలే సార్, నేనే ఆపిన" అన్నాడు.

నన్ను కాపాడాడు. అప్పుడైనా నా నోరు పెగిలిందా? లేదు. అతని కుడికాలు మోకాలి కింద తీసేశారు.

ఇప్పుడతను గ్రౌండుకు కర్రల మీద వస్తాడు. గోలీలు, సూదులు అన్నీ వాడుతున్నాడు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. కొత్తగా వచ్చేవాళ్లకు తన కాలు చూపించి చెబుతాడు. కాలు తీసేయకముందు వచ్చిన క్రిస్మస్ నాడు చర్చిలో ప్రార్థన అయ్యాక అందరితోపాటు బంతిలో కూర్చుని నాలుగు ముద్దలు తెల్లబువ్వ, మాంసం కూర తిన్నాడట. సారు లెక్క నోరు కట్టుకోలేకపోయిన, అందుకే దేవుడు కాలు తీసుకున్నడు అంటాడు. నన్ను చూపిస్తూ అంటాడు. నేను పక్కన నిలబడి వింటాను. వాళ్ల ఆవిడ కూడా ఆ నాలుగు ముద్దల గురించే ఇప్పటికీ అతన్ని దెప్పుతుంది.

మొన్న క్రిస్మస్‌కు రత్నం ఇంటివాళ్లు నన్నూ చర్చి విందుకు పిలిచారు. బంతిలో కూర్చోబెట్టి ఆకు వేశారు. రత్నం ఏడని చూస్తే, బయట మెట్ల మీద ఒక్కడే కూర్చుని డబ్బాలోంచి ఎండిన జొన్న రొట్టె తుంచుకుని తింటున్నాడు. మనవలు లోపలికి రమ్మని చెయ్యి లాగుతుంటే వద్దని తలూపుతున్నాడు. బువ్వ ఉన్నచోట తను కూర్చోకూడదని నియమం పెట్టుకున్నాడట. తను చేయని తప్పుకు వేసుకున్న శిక్ష అది. నేను లోపల కూర్చుని ఆ బువ్వ తిన్నాను. వడ్డించే అమ్మాయి మారు అడిగితే వద్దనలేదు. పొద్దున గోలీ వేసుకునే వచ్చాను కదా.

ఆ మారు బువ్వ ఇంకా అరగలేదు.

నిన్న స్టీలు డబ్బా తెరిచి గోలీల షీటు తీసి, వంటింటి అరలో మెంతుల సీసా పక్కన పెట్టాను. మా ఆవిడ చూసింది. ఇవేంటని అడిగింది. నావే, ఎప్పుడూ ఆపలేదు అన్నాను. రత్నానికి తెలుసా అని మాత్రం అడిగింది. తెలియదన్నాను. రాత్రి మెంతులు నానబెట్టలేదు. పొద్దున ఉత్త నీళ్ల గ్లాసు ఒకటి అరుగు మీద పెట్టి లోపలికి పోయింది. ఆ నీళ్లతో, వీధివైపు తిరిగి గోలీ వేసుకున్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించడానికి మీరు పోగొట్టుకున్నదేమీ లేదు. రత్నాన్ని అడిగే ముఖం నాకు లేదు. అతను క్షమిస్తాడేమో అన్నదే నా భయం. దవాఖానలో కాపాడినట్టే మళ్లీ కాపాడతాడు. కానీ చెప్పకపోతే అతను ఆ మెట్ల మీదే ఉండిపోతాడు. రేపు గేటు దగ్గర, కొత్తవాళ్లు నలుగురూ ఉన్నప్పుడే చెప్పాలి. ఏం చెప్పాలో పొద్దుటినుంచి పెదవులతో అనుకుంటున్నాను, బడి పిల్లవాడిలా. ముందు ఇక్కడ రాసి చూసుకుంటున్నాను.

రత్నం, నీ కాలు పోయింది పండుగనాటి బువ్వతోని కాదు. నేను రోజూ గోలీ మింగుకుంటనే, నిన్ను బంద్ చెయ్యమన్న.