ఉమ్ సలాల్ మేనమామ

వీసా కౌంటర్‌లోని ఉద్యోగి చేతికి ఇచ్చిన ఉత్తరాన్ని నేనే వెనక్కి అడిగి తీసుకున్నాను. రాసింది నేను, సంతకమూ నాదే. "ఇందులో ఒక తప్పుంది, మార్చి ఇస్తాను" అన్నాను. నా పక్కన కొత్త చొక్కాలో బిగుసుకుని నిలబడ్డవాడు మా అమ్మాయి మేనమామ. ఆ ఉత్తరం ఉంటే అతను పెళ్లికి వచ్చే అవకాశం బాగానే ఉంది. లేకపోతే ఎంత ఉంటుందో చెప్పగలిగేవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

పెళ్లి కరేబియన్ సముద్రంలో ఒక చిన్న దీవిలో. అక్కడ చేసుకోవాలన్నది మాకెవరికీ సరదా కాదు. మా అమ్మాయి ఇక్కడే గల్ఫ్‌లో, లుసైల్‌లోని ఒక ఆఫీసులో ఇంజినీరు. అబ్బాయి అదే ఆఫీసు, ఆ దీవివాడు. వాళ్లమ్మకు తుంటి ఆపరేషన్ అయింది, ఇంత దూరం విమానంలో కూర్చోలేదు. సరే, మనమే వెళదామన్నాం. భారతీయులకు ఆ దీవికి వీసా అక్కర్లేదని తెలిసి, అల్ అజీజియాలోని మా ఇంట్లో ఆ రోజు పాయసం కూడా చేసుకున్నాం. దారిలో విమానం మారే ఊళ్లో దిగడానికి వీసా కావాలన్న సంగతి రెండు వారాల తర్వాత తెలిసింది. మా ముగ్గురికీ వచ్చింది. మిగిలింది మేనమామ.

మా ఆవిడకు తోడబుట్టినవాళ్లు లేరు. ఇతను జగిత్యాల దగ్గరి పల్లెవాడు, మేము గోదావరి జిల్లా క్రైస్తవులం. అమ్మాయికి నాలుగేళ్లప్పుడు ఉమ్ సలాల్ దాటాక మా కారు ఇసుకలో కూరుకుపోతే, దగ్గర్లో తాను పనిచేసే తోట నుంచి ట్రాక్టర్ తెచ్చి లాగాడు. తెలుగువాళ్లమని తెలిసి మా ఆవిడను "అక్కా" అన్నాడు. ఆ ఒక్క పిలుపుతో నేను బావనయ్యాను, పాప మేనకోడలైంది. చలికాలం శుక్రవారాల్లో తోట నుంచి టమాటాలు, సొరకాయలు తెచ్చేవాడు. అమ్మాయి ఓణీల వేడుకకు మేనమామ పెట్టాల్సిన బట్టలు ఎవరు పెడతారని మేము అనుకునేలోపే సంచితో గుమ్మంలో ఉన్నాడు. పాపకు ఊహ తెలిసినప్పటి నుంచి అతనిది ఒకటే మాట.

"మా దిక్కు పెండ్లిపిల్లను మేనమామ గంపల కూసోబెట్టి ఎత్కొస్తడు. నిన్ను గూడ నేనే ఎత్కొస్త బిడ్డా."

మా చర్చి పెళ్లిళ్లలో గంప లేదు. అయినా అమ్మాయి ఆ మాటను వదల్లేదు. పెళ్లి ఏర్పాట్లు మొదలైనప్పుడు మాకు పెట్టిన షరతు ఇదొక్కటే.

"పూలు మీ ఇష్టం, భోజనాలు మీ ఇష్టం. మావయ్య మాత్రం ఉండాలి. ఆయన లేకుండా నేను ఆ చర్చి గుమ్మంలోకి అడుగు పెట్టను నాన్నా."

అతని కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న తోట యజమాని, సెలవు ఇచ్చేశాడు. ఊళ్లో భార్యకు చెప్పడమే కష్టమైంది. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే. స్పీకర్ పెట్టిన ఫోన్‌లో మేమందరం విన్నాం.

"దుబాయ్‌ల ఉన్నోళ్ల లగ్గం దుబాయ్‌లనే అయితది గదా! మల్ల యాడికి పోతున్నవ్?"

"ఇది ఇంకో సముద్రమే. ఇంకా అవుతలికి."

"ఇంకా అవుతలికా? ఇంటికి రమ్మంటె మాత్రం ఛుట్టీ దొరకదు!"

అతను ఫోన్ పెట్టేసి, "నిజమే గదా బావా" అని తల గోక్కున్నాడు.

వీసా దరఖాస్తుకు ఆహ్వాన లేఖ రాసింది నేను. ముప్పై ఏళ్లు ఇక్కడి ఇంగ్లీషు దినపత్రిక డెస్కులో పనిచేశాను. ఎవరైనా విలేకరి 'సమీప బంధువు' అని రాసుకొస్తే, ఏ వైపు, ఏమవుతాడు అని అడిగి తెలుసుకోనిదే వార్తను పేజీలోకి పోనిచ్చేవాణ్ని కాదు. అలాంటి నేను 'వధువు తల్లికి సొంత తమ్ముడు' అని ఒక్క క్షణం కూడా ఆగకుండా రాశాను. అబద్ధం రాస్తున్నానన్న స్పృహే లేదు. మాకు అతను అంతకంటే వేరేగా ఎప్పుడూ తోచలేదు.

కౌంటర్‌లో ఉన్నది మలయాళీ యువకుడు. మర్యాదగానే మా ఆవిడ పాస్‌పోర్టు నకలునూ మేనమామ పాస్‌పోర్టునూ పక్కపక్కన పెట్టి హిందీలో అడిగాడు: "సొంత తమ్ముడన్నారు. తండ్రి పేరు వేరు, ఊరు వేరు. బంధుత్వానికి కాగితం ఏదైనా ఉందా?"

అప్పుడే నేను ఉత్తరం వెనక్కి అడిగాను.

పక్కనే ఉన్న చాయ్ దుకాణంలో కూర్చున్నాం. చిక్కటి కరక్ చాయ్ వచ్చింది. అతను గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాడు. తర్వాత నవ్వు మొదలైంది.

"పేపర్ల పని జేసిన మనిషివి. గింత పెద్ద అబద్ధం ఎట్ల రాసినవ్ బావా?"

"నువ్వు చదివి చూడొచ్చుగా?"

"చదివిన. నాకు తప్పేం గానరాలే."

అమ్మాయికి ఫోన్ చేశాను. ఆఫీసులో ఉంది. విని, "ఉన్నదున్నట్టు రాయండి నాన్నా. నేనూ ఒక పేరా పంపిస్తాను" అంది. అలాగే రాశాను. ఇతనికీ మాకూ రక్తసంబంధం లేదు, కులం, మతం, జిల్లా ఏవీ ఒకటి కావు, ఇరవై మూడేళ్లుగా మా అమ్మాయికి మేనమామ చేయాల్సినవన్నీ ఇతనే చేశాడు, ఏమేం చేశాడో కింద వరుసగా రాస్తున్నాను అని. ఓణీల ఫొటో ఒకటి ఫోన్‌లో దొరికితే అదీ ముద్రించి జత చేశాం. అందులో పట్టుబట్టల పళ్లెంతో అతను, పళ్లెం కంటే కాస్త పొడుగ్గా అమ్మాయి.

కౌంటర్ యువకుడు రెండు పేజీలూ చదివాడు. "నిర్ణయం మాది కాదు సార్, మేము పంపుతామంతే" అన్నాడు. ఆ తర్వాత ఫొటో చూసి, "మా ఊళ్లోనూ ఇలాంటి మామ ఒకాయన ఉన్నాడు" అని కాగితాలన్నీ కలిపి పిన్ చేశాడు. వేలిముద్రల యంత్రం దగ్గర కొంత ఆలస్యమైంది. పార పట్టిన చేతులు, గీతలు అరిగిపోయాయి. తడిగుడ్డతో తుడిచి మూడోసారి పెడితే తీసుకుంది.

తర్వాతి శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో వీడియో కాల్. అవతల అబ్బాయి తల్లికి అప్పుడు ఉదయం. తలంబ్రాల బియ్యం ఇక్కడి నుంచే తేవాలా అని మా ఆవిడ ఇంగ్లీషులో అడిగితే, "ఆదివారం ఆదివారం మేము వండుకునేది బియ్యమేనమ్మా" అని ఆవిడ పకపకా నవ్వింది. గంప కూడా సంపాదించానంటూ తెరముందు పెట్టింది. సంతకు కూరగాయలు మోసే వెదురుబుట్ట, రిబ్బన్ కట్టి ఉంది.

అతను దగ్గరికి జరిగి తేరిపార చూశాడు. "అక్కా, గిది కోళ్ల గంప లెక్కుంది. బిడ్డ పట్టదు. పెద్దది చూడమను."

"చర్చి దాకా ఇసుకే. నువ్వు మోయగలవా అని చూసుకో ముందు" అంది మా అమ్మాయి.

"ఇసుకల నడుసుడు నాకు నేర్పుతున్నవా?"

పెద్దది వెతుకుతానని అబ్బాయి తల్లి మాటిచ్చింది. ఇతను కొలత చూపించడానికి చేతులు చాపితే టీపాయ్ మీది గ్లాసు పడిపోయింది.

పెళ్లి ఇంకా ఇరవై ఆరు రోజులు. మా ముగ్గురి టికెట్లు ఖాయమయ్యాయి. నాలుగో సీటును ట్రావెల్స్‌వాళ్లు గురువారం దాకా ఆపి ఉంచుతామన్నారు. అతని పాస్‌పోర్టు ఇంకా వీసా ఆఫీసు నుంచి తిరిగి రాలేదు.