డ్రైవర్ కొత్త, నిమ్మకాయలు డజను

తలుపు తీయగానే ఇంగువ వాసన వచ్చింది. ఏడాదిన్నరగా న్యూజెర్సీ శివార్లలో, బండ్లు అద్దెకి నిలుపుకునే స్థలంలో, ఎండకీ మంచుకీ నిలబడ్డ బండి అది. ఎలుకలు దూరి ఉంటాయని, బూజు పట్టి ఉంటుందని మా ఆయన దారంతా భయపెడుతూనే ఉన్నారు. ఎలుకా లేదు, బూజూ లేదు. నేను ఆఖరిసారి పెట్టిన పోపు వాసన మాత్రం అలాగే ఉంది. నాకు చిన్నపిల్లలా గెంతాలనిపించింది. గెంతాను కూడా. బండి కాస్త ఊగింది.

బండి అంటే మా ఆర్వీ. ముందు డ్రైవర్ సీటు, దాని వెనకే వంటిల్లు, ఆ వెనక మంచం, పక్కన ఒక మనిషి పట్టేంత బాత్‌రూమ్. ముప్పై అడుగుల పొడవు. ఉద్యోగాలు మానేశాక ఉన్న ఇల్లు అమ్మేసి, మేమిద్దరం రెండేళ్లు అందులోనే కాపురం చేశాం. న్యూజెర్సీలో మేం అంతకుముందున్న పిస్కాటవే స్నేహితులు "కాళ్లకి చక్రాలు కట్టుకుని తిరుగుతున్నారు మీరు" అని వెక్కిరించేవాళ్లు. తిరిగితే తప్పేమిటి? యూటాలో తెల్లారేసరికి కిటికీ నిండా ఎర్రటి కొండలు, ఇవతల ఫిల్టర్లో దిగుతున్న డికాషన్. అలాంటి పొద్దున పక్కింటి లాన్‌మోవర్ చప్పుడుకి నిద్రలేచేవాళ్లని తలుచుకుంటే నాకే జాలేసేది.

అరిజోనాలో ఒక మధ్యాహ్నం మా ఆయన బండి నడుపుతూ నడుపుతూ పక్కకి ఆపేశారు. "కుడికంటికి నల్లటి తెర అడ్డం పడుతోందే" అన్నారు. రెటీనా ఊడింది. రెండు ఆపరేషన్లు అయ్యాక ఆ కంట్లో వెలుగూ చీకటీ తేడా తెలిసేంత చూపే మిగిలింది. అంత పెద్ద బండి ఇక ముట్టుకోవద్దన్నారు డాక్టరు. ఒక డ్రైవర్ చేత బండిని న్యూజెర్సీకి తెప్పించి, పిస్కాటవేలో అపార్ట్‌మెంట్ అద్దెకి తీసుకున్నాం.

ఆ అపార్ట్‌మెంట్‌లో ఆయన చేసిన పని ఒకటే. పొద్దున్నే ఫోన్ తీసి, మేం లేని ఊళ్లలో, అంటే యూటా ఎర్రకొండల్లోని మొయాబ్ లాంటి చోట్ల, వాతావరణం చూడటం. "మొయాబ్‌లో ఇవాళ ఎండ బాగుంది" అనేవారు. టీ తనే పెట్టేవారు గానీ కప్పులో కాకుండా కప్పు పక్కన పోసేవారు. "ఎవరి ధ్యానంలో ఉన్నారు? నా ధ్యానంలో అయితే కాదు" అని నేను కౌంటర్ తుడుస్తూ తిట్టేదాన్ని. నా నోరు మంచిది కాదు. అది మా పుట్టింటివాళ్లూ ఒప్పుకుంటారు.

చూసీ చూసీ నేనే నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఆర్వీ నడపడం నేర్పే ఒక పెద్దాయన, మూతపడ్డ మాల్ ముందు ఖాళీ పార్కింగ్‌లో, వరసగా ఆరు శనివారాలు తన బండిలో నన్ను తిప్పాడు. ముందుకి నడపడం రెండో వారానికే వచ్చేసింది. రివర్స్ మాత్రం రాలేదు. ఆరో వారం కూడా నారింజ రంగు కోన్‌లు రెండు పడగొట్టాను. పైగా మా బండి వెనక కెమెరా, అద్దె స్థలంలో నిలబడి ఉండగానే చచ్చిపోయింది. కొత్తది పెట్టించాలంటే మూడు వారాలు ఆగాలట. ఆగే ఓపిక నాకెక్కడిది?

మా ఆయనకి ఇదంతా ఇష్టం లేదు. "నీకెందుకే ఈ వయసులో ఈ తిప్పలు? జెర్సీ సిటీ వాళ్లు బండి కొంటామని అడుగుతున్నారు కదా, ఆదివారంలోపు చెప్పమన్నారు. ఇచ్చేద్దాం" అన్నారు. జెర్సీ సిటీ వాళ్లంటే మా పాత స్నేహితులు. మంచివాళ్లే. అయినా నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మీరు నడిపితే ప్రయాణం, నేను నడిపితే తిప్పలా?"

"రివర్స్ రాదు కదే నీకు!"

"శుక్రవారం బయల్దేరదాం. వర్జీనియా దాకా నేనే డ్రైవ్ చేస్తా. క్యాంప్‌గ్రౌండ్‌లో పరాయివాళ్ల సాయం లేకుండా, మనిద్దరమే బండిని రివర్స్‌లో మనకిచ్చిన సైట్‌లో పెడదాం. పెట్టలేకపోతే ఆదివారం మీరే ఫోన్ చేసి ఇచ్చేయండి. నేను నోరెత్తను."

"నువ్వు నోరెత్తకపోవడం చూడటానికైనా రావాలి" అన్నారాయన. అలా పందెం కుదిరింది. అపార్ట్‌మెంట్ లీజు ఆ నెలతో అయిపోతోంది. సామాను ఎలాగూ కట్టేశాం. గెలిస్తే రోడ్డు, ఓడితే మళ్లీ అద్దె ఇంటి వేట. తాడో పేడో ఆ శుక్రవారమే.

బోస్టన్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, ఆర్ యూ సీరియస్? నువ్వు గ్రోసరీ స్టోర్ పార్కింగ్‌లోనే రివర్స్ చెయ్యవ్! డాడీ, నువ్వు చెప్పు అమ్మకి!"

"చెప్పి చూశానమ్మా" అన్నారు డాడీ గారు.

గురువారం మన కొట్లుండే ఐసెలిన్ వెళ్లి సోనామసూరి బస్తా, కరివేపాకు, గోంగూర పచ్చడి, చింతపండు, డజను నిమ్మకాయలు తెచ్చాను. శుక్రవారం పొద్దున్నే బండికి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు సర్దాను.

"ఇది కొత్త బండి కాదు కదే, నిమ్మకాయలెందుకు?" అన్నారు మా ఆయన.

"బండి పాతదే. డ్రైవర్ కొత్త."

ఆయన నవ్వి, వంగి, నేను పెట్టిన నాలుగు కాయల్నీ మళ్లీ సరిచేశారు. ఇంజనీరు కదా, వంకరగా ఉంటే ఒప్పుకోరు. బండికి ఆరు చక్రాలు, వెనక జంట చక్రాలు. జంటకి ఒక కాయ చాలన్నారు. నేను బండి కదిలిస్తుంటే పక్కన నిలబడి "నలిగింది! ఇదీ నలిగింది!" అని కేకలు పెట్టారు. ఆ గొంతులో అంత హుషారు విని ఏడాదిన్నరైంది.

ఇక ఆ దారి! సీటు ముందుకి జరుపుకుని, వీపు వెనక దిండు పెట్టుకుని, అంత ఎత్తున కూర్చుంటే కార్లన్నీ కిందెక్కడో ఉన్నాయి. మొదటి గంట స్టీరింగ్‌ని చచ్చేలా పట్టుకున్నాను. పెన్సిల్వేనియా కొండల్లోకి వచ్చేసరికి ఒక చెయ్యి తీసి మరమరాలు తినే ధైర్యం వచ్చింది. ఎదురొచ్చిన ఇంకో ఆర్వీ ఆవిడ చెయ్యి ఊపితే నేనూ ఊపాను. ఆ ఊపు చూసి "రోడ్డు! రోడ్డు చూడు!" అన్నారు మా ఆయన. మధ్యాహ్నం మేరీలాండ్ వచ్చినంతసేపు లేదు, వెస్ట్ వర్జీనియా వచ్చింది. అది చూసేలోపు వర్జీనియా వచ్చింది. ముప్పావుగంటలో ఇన్ని రాష్ట్రాలు దాటించిన ఆడదాన్ని మా వంశంలో నేనొక్కదాన్నే అని ప్రకటించాను. ఆయన కాదనలేదు.

నాలుగింటికి షెనాండోవా లోయలో క్యాంప్‌గ్రౌండ్ చేరాం. శుక్రవారం కాబట్టి నిండుగా ఉంది. మా సైట్ రెండు బండ్ల మధ్య సందు. దాని చివర బరువైన చెక్క బల్ల, ఆ వెనక చెట్టు. కొత్తగా వచ్చిన బండిని రివర్స్ చేస్తుంటే కుర్చీలు వేసుకుని చూడటం క్యాంప్‌గ్రౌండ్లలో అందరికీ కాలక్షేపం. ఆ రోజుల్లో మేమూ చూసేవాళ్లం. ఇప్పుడు పక్క బండి తాతగారు చేతిలో గ్లాసుతో సహా మా వైపు తిరిగి కూర్చున్నాడు.

మా ఆయన దిగి వెనక నిలబడ్డారు. "రా, రా, చాలా చోటుంది, రా" అంటున్నారు. ఆయన రమ్మన్నారు, నేను వచ్చాను. ధన్‌మని బండి బల్లకి తగిలింది. లోపల గిన్నెలన్నీ గల్లుమన్నాయి.

దిగి చూస్తే వెనక లైటు పగిలింది. "రా రా అంటారేంటండీ? బల్ల కనిపించలేదా?" అని అందరూ వినేలా అరిచాను.

ఆయన నా వైపు చూడలేదు. "ఇంకా గజం ఉందనుకున్నా" అన్నారు.

"గజమా! ఆనుకునే ఉంది కదా!"

"బల్ల కనిపిస్తోందే. ఎంత దూరంలో ఉందో తెలియడం లేదు. ఒక్క కంటికి తెలియదట. ఆపరేషన్ అయినప్పటి నుంచీ అంతే."

నాకు టీ గుర్తొచ్చింది. కప్పు పక్కన పోసిన ప్రతి టీ, నేను తిట్టిన ప్రతి తిట్టూ గుర్తొచ్చాయి. పరధ్యానం అనుకున్నాను. ఒక్కరోజైనా అడగలేదు. నా నోరు పడిపోను, ఏడాదిన్నరగా ఆయన ఆ మాట చెప్పుకోలేనంతగా అరుస్తూనే ఉన్నాను. బండి అమ్మేద్దామని ఎందుకు పట్టుబట్టారో అప్పుడు తెలిసింది. నేను నడపలేనని కాదు. నేను నడుపుతుంటే వెనక నిలబడి దారి చెప్పడానికి కూడా తను పనికిరానని.

"ఫోన్ చేసేస్తా. పందెం అయిపోయింది" అన్నారు.

"బండి ఇంకా సైట్లోకే వెళ్లలేదు. ఎలా అయిపోతుంది?" అన్నాను, ఈసారి మెల్లగా.

తాతగారు లేచి వచ్చాడు. "నీడ్ ఎ హ్యాండ్?" అన్నాడు. ఆ చెయ్యి అందుకుంటే పని రెండు నిమిషాలు, పందెం పోవడం కూడా రెండు నిమిషాలే. "నో, థాంక్యూ, వీ ఆర్ గుడ్" అని పంపేసి, బండిని ముందుకి తీసి రోడ్డు మీద నిలిపాను. మంచినీళ్ల కోసం లేచి వెనక్కి వెళ్లబోతే కాలి కింద ఏదో దొర్లింది. సంచి పడిపోయి, నిమ్మకాయలన్నీ నేలంతా తిరుగుతున్నాయి.

ఒకటి చేత్తో పట్టుకుని అలాగే దిగాను. "ఏమండీ, ఇది నలిగిందో లేదో చెప్పడానికి దూరం తెలియాలా?"

ఆయన కాయనీ నన్నూ మార్చి మార్చి చూశారు. తర్వాత లోపలికి వెళ్లి కొలిచే టేపు తెచ్చారు. వెనక చక్రం నుంచి బంపర్ దాకా కొలిచారు. బల్ల నుంచి అంత దూరం, దానికి ఇంకో రెండడుగులు కలిపి నేల మీద కొలిచి, నా వైపు చక్రం వచ్చే చోట నిమ్మకాయ పెట్టారు. పెట్టి, మళ్లీ కొలిచి, అరంగుళం జరిపారు. చొక్కా చేతులు మడిచి దాని పక్కనే గొంతుకూర్చున్నారు. నా అద్దంలో ఆయనా కనిపిస్తున్నారు, పచ్చటి కాయా కనిపిస్తోంది.

రివర్స్ వేశాను. కళ్లు అద్దం మీదే పెట్టాను.

"రా... రా... కొంచెం ఎడమకి కొట్టు... అంతే, నిటారు... రా..."

ఒకసారి వంకరపోయి, ముందుకి తీసి మళ్లీ మొదలుపెట్టాను. రెండోసారీ వంకరపోయింది. ఆయన కాయ దగ్గర్నుంచి లేవలేదు. చుట్టూ కుర్చీలు ఇంకాస్త మా వైపు జరిగాయి. మూడోసారి బండి తిన్నగా వచ్చింది. అద్దంలో నిమ్మకాయ దగ్గరవుతోంది, దగ్గరవుతోంది, చక్రం దాన్ని కప్పేసింది.

"నలిగింది! ఆపు, ఆపు! నలిగిందే!"

ఆపాను. దిగి వెనక్కి పరిగెత్తాను. బంపర్‌కీ బల్లకీ మధ్య సరిగ్గా రెండడుగులు. తాతగారు గ్లాసు కింద పెట్టి చప్పట్లు కొట్టాడు. ఏం జరిగిందో ఆ తాతకి అర్థమై ఉండదు. అయినా కొట్టాడు. మా ఆయన లేవబోయి మోకాళ్లు పట్టేసి నా భుజం పట్టుకున్నారు. ఇద్దరం నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాం. నాకు ఏడుపు కూడా వచ్చింది, అది దాచుకోలేదు.

ఆదివారం దాకా ఆగలేదాయన. అక్కడే నిలబడి జెర్సీ సిటీకి ఫోన్ చేశారు. "ఏమనుకోకండి, బండి ఖాళీగా లేదండీ" అన్నారు.

మర్నాడు పొద్దున లోయ మీద మంచు తేలిపోతుంటే, కొండ ఎక్కి చూడటానికి పులిహోర కట్టుకుందామని అన్నం వండి ఆరబెట్టాను. నిమ్మకాయల సంచి ఖాళీగా ఉంది. డజనులో అయిదు నలిగాయి, మిగతావి ఏమయ్యాయని వెతికితే డ్రైవర్ సీటు పక్కన ఒక స్టీలు గిన్నెలో ఉన్నాయి. ఏడూ కడిగి, తుడిచి ఉన్నాయి. పక్కనే మడత పెట్టిన కాగితం మీద ఆయన చేతిరాతలో ఏడు ఊళ్ల పేర్లు. ఏడోది మొయాబ్.

నేను ఒక కాయ తీయబోతే మంచం మీద నుంచే అరిచారు.

"అవి ముట్టుకోకు. నా డ్యూటీవి అవి."

చింతపండు నానబెట్టాను.