నల్ల గీతల గోడ

నేను కాలేజీలో చిత్రకళ పాఠాలు చెబుతాను. ఒక ఉదయం ఉప్పల్‌లో నాచారం మీదుగా వెళ్లే బస్సెక్కి, ఆ రోజు పాఠానికి తెచ్చుకున్న బొమ్మల పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాను. పక్క సీట్లో యాభై దాటిన ఒకామె దేవుళ్ల బొమ్మలనూ పల్లె దృశ్యాలనూ తొంగి చూస్తోంది. ఉత్త నల్ల గీతలే ఉన్న పేజీ రాగానే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"గిది గూడ బొమ్మనేనా సారూ?"

"బొమ్మేనమ్మా. నైరూప్య చిత్రం అంటారు. ఇందులో మనిషీ చెట్టూ ఉండవు. గీసినవాళ్ల మనసులో ఉన్నదే గీతలుగా వస్తుంది," అన్నాను, క్లాసులో చెప్పినట్టే.

ఆమె ఆ గీతల మీద వేలు ఆనించింది.

"మా ఆయన వినాయకులకు రంగులేసేటోడు. మంచాన పడ్డంక మాట పడిపోయింది. పక్క గోడ మీద బొగ్గుతోని గిట్లనే గీసుడు షురూ జేసిండు. మతి పోయిందనుకున్న. ఆయన సూస్తుండంగనే సున్నమేసిన. మల్ల బొగ్గు ముట్టలే. జర దినాలకే పోయిండు."

"ఆ గీతలు ఎలా ఉండేవమ్మా?"

"ఏమో సారూ. నేను సక్కగ సూడనే లేదు."

నాచారంలో ఆమె దిగిపోయింది. ఆ రోజు క్లాసులో ఆ పేజీ తెరిచి శైలి పేరు చెప్పాను. గీసినవాళ్ల మనసు సంగతి చెప్పకుండానే పేజీ తిప్పేశాను. ఇప్పటికీ అంతే.