పాటలో ఉండిపోయిన కేక

జానపద పాటలు సీడీల నుంచి మెమరీ కార్డుల్లోకి మారుతున్న రోజుల్లో, ఒక ఎండాకాలం మొదట్లో, నేను హైదరాబాదు కొలువు వదిలేసి మార్కాపురంలో ఒక రికార్డింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజనీరుగా చేరాను. స్టూడియో అంటే పలకల గోదాము మేడ మీద రెండు గదులు. ఒకదాంట్లో పాడేవాళ్లు, ఇంకోదాంట్లో నేను, మధ్యలో అద్దం. పాటలో ఏం ఉండాలన్నది సంగీతం కట్టే రమణ మాస్టరు ఇష్టం. అది ఎంత వినపడాలన్నది నా ఇష్టం. ఈ హద్దు ఎవరు దాటినా పేచీయే.

ఈ వైపు పెళ్లి ఊరేగింపుల్లో ఇప్పటికీ మోగే ఒక ప్రేమపాట ఆ గదుల్లోనే పుట్టింది. పేరు చెప్పను. పల్లవి అయ్యాక, చరణానికి ముందు, ఒక మగగొంతు కొండల్లోంచి పొడుగ్గా పిలుస్తుంది. ప్రియుడు పిలుస్తున్నాడని అందరూ అనుకుంటారు. నిజానికి ఆ పిలుపు ఒక గొర్రె కోసం.

ఆ చోట మొదట వేణువు పెట్టాం. మాస్టరుకు నచ్చలేదు. కొండ పిలుపే కావాలన్నారు. అర్ధవీడు వైపు గొర్రెలు కాసే కాశయ్య గొంతు గురించి ఎవరో చెబితే, మైకు పట్టుకుని అక్కడికే వెళ్లాం. కుంట దగ్గర రెండు మూడు మందలు కలగలిసి నీళ్లు తాగుతున్నాయి. ఇవి ఎట్లా విడిపోతాయా అని చూస్తుంటే, కాపరులు తలో దిక్కుకు వెళ్లి కేక వేశారు. ఎవరి గొర్రెలు వాళ్ల దగ్గరికి నడిచిపోయాయి. ఒకరి కేక ఇంకొకరు వేయరట. కాశయ్యది వాళ్ల నాయన వేసిన కేకే. వినడానికి అద్భుతంగా ఉంది కానీ రికార్డింగ్ పనికిరాలేదు. పిలిచిన పాపానికి మంద మొత్తం వచ్చి మైకు చుట్టూ చేరి ఒకటే అరుపులు.

అందుకని అతణ్ని ఒక్కణ్నే స్టూడియోకి రప్పించాం. అద్దం అవతల నిలబడి గొంతు సవరించుకున్నాడు, మళ్లీ సవరించుకున్నాడు. కేక మాత్రం రాలేదు.

"గొర్రెల్లేకుండా ఎవుర్ని పిల్చేదన్నా?" అన్నాడు.

తప్పిపోయిన గొర్రె ఏదైనా ఉందా అని మాస్టరు అడిగారు. ఉంది. కిందటి వానల్లో కొండలో ఎటో పోయిన నల్లచెవుల గొర్రె. కాశయ్య కళ్లు మూసుకుని దాన్ని పిలిచాడు. హెడ్‌ఫోన్లలో ఆ గొంతు వింటుంటే లెవెల్ సరిచేయాల్సిన నా చేయి అట్లాగే ఆగిపోయింది. మా భాషలో దాన్ని ట్రాక్ అంటారు, అంటే అసలు గాయకుడు వచ్చి పాడేదాకా తాత్కాలికంగా ఉంచే గొంతు. అసలు గాయకుడు వచ్చాడు, విన్నాడు, తన వల్ల కాదన్నాడు. ట్రాకే పాటలో ఉండిపోయింది. కాశయ్య తన గొంతు మళ్లీ మళ్లీ వేయించుకుని విని, నవ్వుకుంటూ బస్సెక్కాడు.

వానాకాలం వచ్చేసరికి కంభం, గిద్దలూరు ఆటోలన్నింట్లో ఆ పాటే. మేమూ పొంగిపోయాం. అప్పుడొక మధ్యాహ్నం కాశయ్య వచ్చాడు. టీ వద్దన్నాడు. రాచర్ల దగ్గర రోడ్డు పక్కన మేపుతుంటే, ఒక పెళ్లి ట్రాక్టరు ఆ పాట పెట్టుకుని పోయిందట. మంద మొత్తం దాని వెనక పరిగెత్తింది. ఎదురుగా లారీ వచ్చింది. కొన్ని దాని కింద పడిపోయాయి.

"ఎనకనుంచి నేను పిలుస్తానే ఉన్నా అన్నా. ముందునుంచి గూడా నా గొంతే పిలుస్తాంది. అయ్యి మాత్రం యాడికని పోతాయి?"

కోప్పడినా బాగుండేది. పాటలోంచి తన కేక తీసేయడం కుదురుతుందా అని మాత్రం అడిగాడు. నా దగ్గర చిటికెలో పని. ఏ గొంతుకు ఆ గొంతు విడిగా ఉంటుంది, ఒకటి మూసేస్తే చాలు. కానీ ఊళ్లోకి పోయిన పాటను వెనక్కి పిలవడం ఏ ఇంజనీరు వల్లా కాదు. ఆ మాటే చెప్పాను. "అయితే నేనే మార్చుకోవాల," అని లేచాడు.

కేక మానేసి ఈల పట్టాడు. పాత గొర్రెలు ఈలకు రాలేదు. వాటిని సంతలో అమ్మేసి, గొర్రెపిల్లలకు ఈల అలవాటు చేశాడు. ఆ పాట పేరుతో మా స్టూడియోకు దొరికిన గిరాకీ తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

రిటైరయ్యాక ఒకసారి అర్ధవీడు వెళ్లి అతణ్ని కలిశాను. రోడ్డు వారనే మేపుతున్నాడు. మేం మాట్లాడుతుండగా ఒక ఆటో ఆ పాటతోనే పోయింది. గొర్రెలు మేత మీది నుంచి తల ఎత్తలేదు. కాశయ్య మాత్రం ఆటో మలుపు తిరిగేదాకా అటే చూశాడు.

"మా నాయన కేక అది. ఇప్పుడు ఆటోలోళ్లదైపోయింది," అన్నాడు.

ఉద్యోగంలో చేరినప్పుడు, ఏ శబ్దమైనా శుభ్రంగా పట్టుకోవడమే మన పని అని నేర్పారు. అది సగమే. మైకు పెట్టేముందు, ఆ శబ్దం అప్పటికే ఎవరి దగ్గర ఏ పనిలో ఉందో అడగాలి. ఆ కేక పనిలో ఉంది. మేం అడగలేదు, అతనికీ తట్టలేదు.