చెయ్యి వదలని క్రోమోజోము

ఆ రోజుల్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన ప్రతి టీచరుకూ, తనకంటే ముందు లోకంలో ఎవరూ సరిగ్గా పాఠం చెప్పలేదన్న నమ్మకం ఉండేది. నాకది కాస్త ఎక్కువే. పినపాక దగ్గర అడవిని ఆనుకున్న ఆడపిల్లల హాస్టలు బడిలో తొమ్మిదో తరగతికి కణవిభజన చెప్పాలి. సూక్ష్మదర్శిని ఉంది గానీ దాని కటకం ఎప్పుడో పోయింది (ఖాళీ గొట్టంలోంచి చూసి, పిల్లలు నా మీద జాలితో "కనబడ్తుంది టీచర్" అనేవాళ్లు). అందుకని పిల్లలనే క్రోమోజోములుగా మైదానంలో నిలబెట్టాను.

ఈ దశలో క్రోమోజోమంటే ఒకేలాంటి రెండు పోగుల జంట కాబట్టి, ఇద్దరిద్దరిని చేతులు పట్టుకోమన్నాను. ప్రథమ దశలో చెదురుగా నిలబడ్డారు, మధ్యస్థ దశలో ముగ్గుగీత మీద వరుస కట్టారు. ఇక చలన దశలో ప్రతి జంటా విడిపోయి, ఒకరు ఈ కొసకూ ఒకరు ఆ కొసకూ వెళ్లాలి. క్రోమోజోములను కొసలకు లాగే కండె పోగులకు బదులు అందరి చేతికీ బావి తాళ్లిచ్చి, రెండు వైపులా లాగేవాళ్లను పెట్టాను. సరిగ్గా అప్పుడే తనిఖీకి ఇన్‌స్పెక్టరు గారొచ్చారు. నా ఉద్యోగం ఖాయం కావాలంటే ఆయన మంచి మాట రాయాలి. హుషారుగా "లాగండి" అన్నాను.

జంటలన్నీ విడిపోయాయి, ఒక్కటి తప్ప. అది ఒకే తరగతి చదువుతున్న అక్కాచెల్లెళ్ల జంట. అక్క చెయ్యి వదల్లేదు. చెల్లెలు భయపడి తాడు వదిలేసింది. దాంతో ఇద్దరూ కలిసి ఒకే కొసకు కొట్టుకుపోయారు, రెండో వైపు లాగేవాళ్లు వెల్లకిలా వెళ్లి ఇన్‌స్పెక్టరు గారి కాళ్ల దగ్గర పడ్డారు. ఎందుకు వదల్లేదని ఆయన అక్కను అడిగారు.

"హాస్టల్ల దింపిననాడు, చెల్లె చెయ్యి ఇడవొద్దని మా అమ్మ చెప్పింది సార్."

ఆయన నావైపు తిరిగి, "మరి గిప్పుడు మీ కణం సంగతేంది మేడమ్?" అన్నారు. ఒక పిల్లకణంలో ఒకటి ఎక్కువ, ఇంకోదాంట్లో ఒకటి తక్కువ అయిందనీ, నిజం కణాల్లోనూ అరుదుగా ఇలా జరుగుతుందనీ చెప్పాను. ఇంతలో చెల్లెలు, విడిపోయినవి మళ్లీ కలుస్తాయా అని అడిగింది. కలవవు గానీ, తర్వాత అంతర్దశలో ఒక్కోదానికి అచ్చం అలాంటి కొత్త జోడీ తయారవుతుందని ఓదార్చాను.

ఆ పిల్ల, "నాకు కొత్తది వద్దు టీచర్" అంది.

ఇన్‌స్పెక్టరు గారు రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వి, పాఠం బాగుందని రాసి వెళ్లారు. ఆ ఏడు పరీక్షలో కణవిభజన మీద ఒక్క ప్రశ్నా రాలేదు. తర్వాత అదే పాఠం అంతకంటే బాగా ఎన్నోసార్లు చెప్పాను గానీ, ఎవరూ నన్ను అలా ఇరుకున పెట్టలేదు. ఎండలో చెమటలు కారుస్తూ, బావి తాళ్ల మధ్య నిలబడ్డ అప్పటి చిన్న టీచరమ్మ గుర్తొస్తే, ఇప్పటికీ ముద్దొస్తుంది.