సన్న సప్పుడు కొలిచిన సార్

మొన్న శుక్రవారం పొద్దున పెద్దపల్లి నుంచి నా పాత క్లాస్‌మేట్ ఫోన్ చేసింది. "సార్ పోయిండటనే" అంది. ఏ సారని నేను అడగలేదు. కరీంనగర్ కాలేజీలో మాకు ఎలక్ట్రానిక్స్ చెప్పినవాళ్లు చాలామందే ఉన్నా, మా ఇద్దరికీ సార్ అంటే ఒక్కరే.

ల్యాబులోకి రాగానే ఆయన ఫ్యాన్లు బంద్ చేయించేవారు. మా ఊరి ఎండల్లో ఫ్యాన్ బంద్ చేయించిన మనిషిని ఎవరైనా ఏమనుకుంటారో మేమూ అదే అనుకునేవాళ్లం, కాకపోతే లోపల. తర్వాత ఇంటి నుంచి తెచ్చిన బిస్కెట్ల రేకు డబ్బాను సర్క్యూట్ మీద బోర్లించేవారు. "జర నిమ్మలంగ కూసోండ్రి, అది కుదురుకోవాలె" అనేవారు. ఆ సర్క్యూట్లో చిన్న సిగ్నల్ని పెద్దది చేసే చిప్పు ఆప్ యాంప్. సిగ్నల్ ఏమీ ఇవ్వకపోయినా ఆప్ యాంప్‌లో సన్నని వోల్టేజీ కదలిక దానంతటదే పుడుతుంది. స్కోపు తెర మీద గీత నిద్రపోయే మనిషి పొట్టలా మెల్లగా లేస్తూ దిగుతూ ఉంటుంది. ఆయన కొలిచేది దాన్నే, ఆయన దాన్ని సప్పుడు అనేవారు. "సప్పుడు లేనిది ఏది లేదు బిడ్డా. ఎంత ఉన్నదో ఎరుకుండాలె, గంతే" అనేవారు.

నా ప్రాజెక్టు, గని పైకప్పు కుంగుతుంటే ముందే కనిపెట్టి మోగే పరికరం. మా బాపు శ్రీరాంపూర్‌లో గని దిగేవాడు, అందుకే నాకది మార్కుల పని కాదు. పైకప్పు వెంట్రుకంత కుంగితే వచ్చే వోల్టేజీ చాలా చిన్నది, చాలా నిదానంగా మారుతుంది. నా గీతేమో ఊరికే ఊగేది. ఆప్ యాంప్‌లన్నీ పాడైనవని పారేయబోయాను.

"ముందుగాల నీ చెయ్యి తియ్యి" అన్నారు సార్.

నా చెయ్యి వైరును ఆనుకుని ఉంది. తీస్తే సగం ఊగుడు ఆగింది. ఫ్యాన్ ఆపి డబ్బా మూస్తే ఇంకొంత పోయింది. గాలికి వైర్ల అతుకులు ఒకచోట చల్లబడి, ఒకచోట వేడిగా ఉండి దొంగ వోల్టేజీ పుట్టిస్తున్నాయట. చివరికి మిగిలిన ఊగుడే ఆప్ యాంప్‌ది. అలా ఒక్కొక్కటీ కొలిచి, తక్కువ సప్పుడున్నదాన్ని ఏరి ఇచ్చారు.

బాపు ఒకసారి ల్యాబుకు వచ్చి, "గిది పన్జేస్తదా సార్?" అని అడిగాడు.

"చేస్తదన్నా. ఉత్తగ మొత్తుకోకుండ జూస్తున్న. రెండుమాట్ల ఉత్తగ మొత్తుకున్నదనుకో, మూడోపారి మీరు ఇనరు. ఫికర్ జెయ్యకు, జర టైం ఇయ్యి."

ఇంటికొచ్చి బాపు అవ్వతో, "ఆ సార్ మొండోడు. గసొంటోడే ఉండాలె" అన్నాడు. అంతకంటే పెద్ద మెప్పు బాపు నోట నేను వినలేదు.

జనాజా లేవకముందు మేమిద్దరం సార్ ఇంటికి వెళ్లాం. సార్ భార్య, మా మేడం, ఆ రేకు డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "ల్యాబుకే తీస్కపో బేటా. ఇంట్ల ఈ డబ్బల బిస్కెట్లు ఎన్నడు పెట్టనియ్యలే" అంది. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

ఇప్పుడు ఆ ల్యాబులో పాఠం చెప్పేది నేనే. మేం తయారుచేసిన పరికరం ఒకటి ఈ వారం శ్రీరాంపూర్ గనికి పోవాలి. నిన్న దాని ఆప్ యాంప్ చూడటానికి కూర్చున్నాను. ఫ్యాన్ ఆపాను, డబ్బా మూశాను. ఎంతసేపు చూసినా గీత కుదురుకోలేదు. ఇది పనికిరాదు, వేరేది వేద్దామనుకున్నాను. అప్పుడు చూసుకున్నాను, నా చెయ్యి ఇంకా డబ్బా మీదే ఉంది, దాని వేడి లోపలికి పోతోంది.

తీశాను. గీత మెల్లగా కుదురుకుంది, దాని సొంత సన్న సప్పుడుతో.