వయ్యారి గోళ్లు

చెప్పులు కుట్టే అతన్ని వీధిలో అందరూ చెప్పుల డాక్టరనేవారు. తెగిన చెప్పు చేతికిస్తే ముందు తిరగేసి మడమ చూసేవాడు. "ఎడమ మోకాలు నొప్పిగా ఉంటోందా అమ్మా?" అని అడిగితే వచ్చినావిడ ముక్కున వేలేసుకునేది. అరుగుదల అబద్ధమాడదని అతని నమ్మకం.

అతని కుక్క పేరు వయ్యారి. నడుము ఊపుకుంటూ అది నడుస్తుంటే హంసనడక అని వీధంతా మురిసిపోయేది. మొదటి ఈతలో పుట్టిన నాలుగు పిల్లల కోసం జనం పోటీపడ్డారు. ఇక రెండో ఈత వస్తే అందులో ఒక పిల్ల తన కూతురికే ఇవ్వాలని బావమరిది ఏడాదిగా చెవిలో జోరీగలా పోరుతున్నాడు.

ఒకనాడు వయ్యారి కాల్లో ముల్లు తీస్తుంటే అతని చూపు గోళ్ల మీద ఆగింది. ముందుకాళ్లవి బాగానే ఉన్నాయి. వెనకకాళ్లవి మాత్రం నేలకు రాసుకుని అరిగిపోయాయి. కాలెత్తి అడుగు వేసే కుక్కకు గోరు ఇలా ఎందుకరుగుతుంది? ఆ ప్రశ్న పట్టుకున్నాక అతనికి చేతులాడలేదు. పిల్లల్ని పెంచుకుంటున్న నాలుగిళ్లకూ వెళ్లాడు. వాటికిప్పుడు రెండేళ్లు. మూడింటికి అవే గోళ్లు, అదే ఊపు. అందులో ఒకటి మెట్టెక్కలేక కిందే కూర్చుంది. తీగ లాగితే డొంకంతా కదిలింది.

పశువుల డాక్టరు వయ్యారికి ఎక్స్‌రే తీసి చూపించాడు. "తుంటి గిన్నెలో ఎముక సరిగ్గా కూర్చోలేదు. ఇది వంశపారంపర్యంగా పిల్లలకూ వస్తుంది. జత కట్టించే ముందే రెండు కుక్కలకూ ఈ ఫోటో తీయించాల్సింది."

"ఎవరూ చెప్పలేదు డాక్టరుగారూ."

"మీరూ అడగలేదు కదా."

ఊళ్లోవాళ్ల చెప్పులన్నీ తిరగేసి చూసినవాడికి ఇంట్లో కుక్క కాళ్లు కనబడలేదు. అతనికి సిగ్గేసింది. వయ్యారికి ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కు రోజు అడిగి, ఆ నాలుగిళ్లకూ మళ్లీ వెళ్లి సంగతి చెప్పాడు.

మొదటి ఈతప్పుడు పిల్లల్ని తన చీరకొంగుతో తుడిచిన భార్య కళ్లొత్తుకుంది. "దాని పోలికతో ఇంట్లో ఒక్కటైనా ఉండొద్దా?"

"పోలికతో పాటు అదీ వస్తుందే."

సాయంత్రం బావమరిది వచ్చాడు. అతన్ని చూసి వయ్యారి లేచి ఊగుతూ ఎదురొచ్చింది.

"ఏం నడక బావా. అచ్చం హంసే."

"వయ్యారం కాదురా అది. నొప్పి. ఇన్నాళ్లూ దాని నొప్పినే పేరుగా పెట్టి పిలిచాం."

దగ్గరకు రమ్మని పిలవబోయిన బావమరిదికి పేరు నోట్లోనే ఆగిపోయింది. చెప్పులు విడిచి, తనే దాని దగ్గరికి నడిచాడు.